చపాలా గట్టు మీది సాయంత్రాలు

చపాలా సరస్సులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్లో చూస్తుంటాను. మెక్సికో వదిలి హైదరాబాద్ వచ్చేసి చాలా కాలమైంది, అక్కడ నీళ్ళు పెరిగినా తరిగినా నాకు వచ్చేదీ లేదు పోయేదీ లేదు, అయినా జూన్ వచ్చిందంటే చెయ్యి దానంతటదే అటు పోతుంది. హలిస్కో రాష్ట్రం వాళ్ళ నీళ్ళ శాఖ రోజూ ఒక అంకె పెడుతుంది, నిండుగా ఉంటే 97.80. మీటర్లే గానీ లోతు కాదు, అక్కడి కొలత ప్రకారం నీటి మట్టం. మా ఆవిడ ఓసారి పక్కనుంచి చూసి "శ్రీశైలం లెవెల్ చూసుకున్నా ఓ అర్థముంది, ఇదేం పిచ్చండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

మేం ఉన్నది గ్వాదలహారాలో. ఐటీ ఉద్యోగాలకి ఆ ఊరు కొత్త కాదు, మన తెలుగువాళ్ళూ బాగానే ఉన్నారు. శనాదివారాలు వస్తే ఎవరో ఒకరింట్లో పులిహోర, క్రికెట్, అమెరికా వీసా కబుర్లు. సరదాగానే ఉండేది కానీ ప్రతి వారం అదే పాట అంటే నాకు ఊపిరాడేది కాదు. మాది కైకలూరు పక్కన పల్లెటూరు, కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాణ్ణి, చుట్టుపక్కల నీళ్ళు కనపడకపోతే ఏదో వెలితి. ఆఫీసులో ఒకాయన "ఇక్కడికి గంట దూరంలో దేశంలోకెల్లా పెద్ద సరస్సు ఉంది, నువ్వింకా చూడలేదా?" అన్నాడు. ఆ వారమే బయల్దేరాం.

పాత బస్టాండ్ నుంచి సరస్సు ఒడ్డున అదే పేరున్న చపాలా ఊరికి అరగంటకో బస్సు ఉండేది. విమానాశ్రయం దాటి, ఇటుక బట్టీలూ పొలాలూ దాటి, చివర్లో చిన్న కొండ ఎక్కి మలుపు తిరిగేసరికి కింద ఒక్కసారిగా నీళ్ళు. అవతలి ఒడ్డున సెర్రో గార్సియా అనే కొండ, దాని తల మీద ఎప్పుడూ ఒక మబ్బు. సరస్సు తూర్పు పడమరలుగా దాదాపు 80 కిలోమీటర్ల పొడవు. అంత పొడవుండి లోతు మాత్రం ఎక్కడా పెద్దగా లేదు, నిండుగా ఉన్నప్పుడు కూడా ఎనిమిది పది మీటర్లకి మించదు. ఉన్నమాట చెప్పాలంటే నీళ్ళు అందంగా ఉండవు. కాన్‌కున్ సముద్రం ఫొటోల్లో నీలం చూసి వచ్చినవాళ్ళు ఇక్కడికొచ్చి మొహం ముడుచుకుంటారు. లెర్మా నది ఎక్కడో తొలూకా దగ్గర పుట్టి ఏడు వందల కిలోమీటర్లు మట్టినీ మురికినీ మోసుకొచ్చి ఇందులో కలుస్తుంది కాబట్టి రంగు ఎప్పుడూ బురదగానే. నాకది ఇబ్బంది అనిపించలేదు, చిన్నప్పట్నుంచీ చూసిన నీళ్ళ రంగు అదే.

ఒడ్డు పొడవునా కట్టిన నడకబాటని అక్కడ మలెకోన్ అంటారు. సముద్రం ఒడ్డునైనా సరస్సు ఒడ్డునైనా, ఊరు ఎంత చిన్నదైనా ఒక మలెకోన్ ఉండాల్సిందే. చపాలాలో అయితే జంట గోపురాల చర్చి ముందు నుంచి మదేరో వీధి తిన్నగా నీళ్ళలోకే దిగుతున్నట్టు ఉంటుంది, చివర్లో పడవల రేవు. ఆదివారం అక్కడ ఇసకేస్తే రాలదు. గ్వాదలహారా నుంచి కుటుంబాలు కుటుంబాలు దిగుతాయి. నాయనమ్మని మడత కుర్చీలో నీడకి కూర్చోబెడతారు, పిల్లలు సబ్బు బుడగల వెంట పరుగెడతారు, కుర్రాళ్ళు కారం పూసిన అంచులున్న పెద్ద గ్లాసుల్లో బీరు తాగుతారు, బాకాలూ డోళ్ళూ పట్టుకున్న బ్యాండు వాళ్ళు పాటకి ఇంత అని బేరమాడి మొదలుపెడతారు. ఒక కుటుంబం డబ్బిచ్చి పాడించుకున్న పాటకి పక్కన నాలుగు కుటుంబాలు లేచి డాన్స్ చేస్తాయి. ఇచ్చినవాళ్ళు ఏమీ అనుకోరు. నాకు మొదట అదే వింతగా తోచింది.

ఇక అక్కడ తినేది చరాలెస్. వేలెడంత కూడా ఉండవు ఆ చేపలు, సరస్సువే. కరకరలాడేలా వేయించి గుట్టగా పోసి ఉంచుతారు, ఎండబెట్టినవి వేరే. మేమెప్పుడూ కొనే ఆవిడ బండి పడవల రేవుకి కాస్త ఇవతల ఉండేది. ప్లాస్టిక్ కప్పులో గుప్పెడు చేపలు వేసి, పచ్చి నిమ్మకాయ అడ్డంగా కోసి, కప్పు మీద అరచెయ్యి బోర్లించి వేళ్ళ సందుల్లోంచి పిండేది, గింజలు చేతిలోనే ఆగిపోయేవి. పైన వాలెంతీనా సాస్ చుక్కలు. ఆ సాస్ గ్వాదలహారాదే, అక్కడ ప్రతి బండి మీదా, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ తర్వాత కప్పు ఒకసారి ఎగరేసి పట్టుకునేది, పులుపూ కారమూ అడుగుదాకా దిగడానికి. తల, తోక, ముల్లు అనే తేడా లేదు, మొత్తం నమిలెయ్యడమే. మా అమ్మాయికి అన్నం తినిపించాలంటే గంట పట్టేది, ఇవి మాత్రం కప్పు ఖాళీ చేసి మా వైపు చూసేది.

ఆదివారం కన్నా మామూలు రోజులు నాకు ఎక్కువ నచ్చేవి. మధ్యలో సెలవొస్తే పనేమీ లేకుండా బస్సెక్కి వెళ్ళిపోయేవాణ్ణి. అప్పుడు గట్టు మీద ఊరివాళ్ళే ఉంటారు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "బ్వేనాస్ తార్దెస్" అంటారు, అనకుండా తలొంచుకు పోతే అదోలా చూస్తారు. సాయంత్రం ఐదున్నర దాటాక ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎవరి బెంచీ మీద వాళ్ళు కూర్చునేవారు. వాళ్ళు మాట్లాడుకునేది నీళ్ళ గురించే. ఎంత పెరిగింది, ఏ మెట్టు దాకా వచ్చింది, పోయినేడు ఈ వేళకి ఎక్కడుంది. గట్టు రాళ్ళ మీద పాత మట్టాల చారలు కనపడుతుంటాయి, వాళ్ళు చేతికర్రతో ఒక్కో చారా చూపించి ఇది ఫలానా ఏడు అని చెప్పేవారు. నన్ను "హోవెన్" అని పిలిచేవాడు ఒక పెద్దాయన, అంటే కుర్రాడా అని, నాకప్పటికే నెత్తి మీద సగం తెలుపు. ఆయన చిన్నతనంలో 1955లో సరస్సు ఎండి బీళ్ళు పడిందట, నీళ్ళు ఉండాల్సిన చోట మొక్కజొన్న వేశారట.

అదే కథ 2002లో మళ్ళీ. నీళ్ళు సామర్థ్యంలో సుమారు 15 శాతానికి పడిపోయి ఒడ్డు చాలా దూరం లోపలికి జరిగిపోయింది. మలెకోన్ మీద నిలబడితే ఎదురుగా గడ్డి, పశువులు. ఎగువన గ్వానహువాతో రాష్ట్రం వైపు పొలాలకి లెర్మా నీళ్ళు మళ్ళించుకోవడం, దిగువన గ్వాదలహారా లాంటి పెద్ద నగరం తాగునీళ్ళలో సగానికి పైగా ఈ సరస్సు నుంచే తోడుకోవడం, మధ్యలో వానల్లేకపోవడం. ఇంకేం మిగులుతుంది? చివరికి 2004లో ఐదు రాష్ట్రాలూ కేంద్రమూ కూర్చుని నీళ్ళ పంపకం మీద ఒప్పందం చేసుకున్నాయి. అది వినగానే నాకు నవ్వొచ్చింది, మన కృష్ణా పంచాయితీ అక్కడా నడుస్తోందన్నమాట. కృష్ణా చివరి కాలువల కింద పుట్టినవాడికి ఎగువ, దిగువ అనే మాటలకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దాయనకి నాకొచ్చిన స్పానిష్‌లో ఆల్మట్టి గురించి చెప్పడానికి చాలా కష్టపడ్డాను. ఆయన ఓపిగ్గా విని "అయితే మీకూ గ్వానహువాతో ఉంది" అన్నాడు.

చపాలాకి ఒకప్పుడు పెద్ద హోదా ఉండేది. 20వ శతాబ్దం మొదట్లో ఆనాటి అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ ఈస్టర్ ముందు వారం సెలవులకి ఇక్కడికి వచ్చేవాడు, ఆయన వెనకే డబ్బున్నవాళ్ళంతా వచ్చి ఒడ్డున బంగళాలు కట్టారు. రైలు కూడా వేశారు, 1920లో వచ్చింది, 1926కల్లా ఆగిపోయింది. ఆ స్టేషన్ భవనం ఇప్పటికీ చక్కగా ఉంది, సాంస్కృతిక కేంద్రం చేశారు. ఎండ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మేం లోపలికి పోయి బొమ్మల ప్రదర్శన చూస్తున్నట్టు నటిస్తూ చల్లగా కూర్చునేవాళ్ళం.

పక్కనే అహిహిక్. ఇది వేరే లోకం. అమెరికా, కెనడా నుంచి రిటైరైనవాళ్ళు దశాబ్దాలుగా వచ్చి స్థిరపడిపోయారు, వాళ్ళ సంఘం ఒకటి 1955 నుంచీ ఉంది. గులకరాళ్ళు పరిచిన వీధులు, గోడ గోడకీ బొమ్మలు, ఎర్రగా ఊదాగా కాగితం పూల తీగలు. మా ఆవిడకి ఈ ఊరంటే ప్రాణం. నాకు మాత్రం కొంచెం మేకప్ వేసుకున్నట్టు అనిపించేది. మెనూ ముందు ఇంగ్లీషులో చదివి తర్వాత స్పానిష్‌లో చదవాల్సిన ఊరు. 2020లో ప్రభుత్వం 'మాయా ఊళ్ళ' అనే పర్యాటక జాబితాలో చేర్చాక రద్దీ, రేట్లు ఇంకా పెరిగాయి. అక్కడే పుట్టిపెరిగినవాళ్ళు అద్దెలు కట్టలేక దూరంగా పోతున్నారని మా కారు మెకానిక్ గొణుగుతుండేవాడు, అతనిది ఆ ఊరే.

అయినా రెండు విషయాల్లో అహిహిక్‌ని ఏ ఊరూ కొట్టలేదు. ఒకటి సెప్టెంబర్‌లో కాగితం బెలూన్లు ఎగరేసే పండగ. వీధి వీధికీ ఒక జట్టు, పల్చటి రంగు కాగితాలు అతికించి ఇంటి కన్నా పెద్ద బెలూన్లు చేస్తారు, కింద వత్తి ముట్టించి వేడిగాలి నింపి వదులుతారు. కొన్ని దర్జాగా లేచి కొండ మీదుగా పోతాయి. కొన్ని పది అడుగులు లేచి అంటుకుని జనం మీదికి వాలతాయి, అప్పుడు వచ్చే కేకలు బాగా ఎగిరిన వాటికి కూడా రావు. రెండోది బడి గోడ మీద మట్టితో చేసిన పుర్రెలు. భయపడే పుర్రెలు కాదు, బొద్దుగా ముద్దుగా ఉంటాయి, ఒక్కోదాని కింద ఊళ్ళో పోయిన ఒక్కొక్కరి పేరు. నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్ళ పండగకి ప్రతి పుర్రె దగ్గరా దీపం పెడతారు. కింద బంతిపూలు. మనం దసరాకి గుమ్మాలకి కట్టే బంతి ఈ దేశం నుంచి వచ్చిందే మరి.

పడమటి చివర హోకోతెపెక్. అక్కడి మలెకోన్ బాగుంటుంది, మనుషులుండరు. మేక మాంసం బిర్రియా తినడానికి వెళ్ళేవాళ్ళం. దారిలో సాన్ హువాన్ కొసాలాలో వేడినీటి ఊటల స్నానాలు. అంతే.

అమ్మ వచ్చినప్పటి సంగతి మాత్రం చెప్పాలి. నాన్న పోయాక ఒక చలికాలం మా దగ్గరికి తీసుకొచ్చాం. మెక్సికో అనగానే ఊళ్ళోవాళ్ళంతా టీవీలో చూసిన తుపాకుల కథలన్నీ చెప్పి పంపారు, మొదటి వారం గుమ్మం దాటలేదు. చపాలాకి తీసుకెళ్ళాం. ఒడ్డున పచ్చగా తెట్టు కట్టి ఉన్నది చూసి "ఒరే, ఇది గుర్రపుడెక్క కదరా. ఇక్కడికీ వచ్చి చచ్చిందా" అంది. నిజమే, అక్కడ లీరియో అంటారు, యంత్రాలు పెట్టి తీసినా మళ్ళీ వస్తుంది. ఆ తర్వాత చరాలెస్ కప్పులోకి తొంగిచూసి "పరిగెలేగా ఇవి, పులుసు పెట్టాలి గానీ ఇలా వేయించి పాడుచేస్తారేంటి" అని, రెండు నోట్లో వేసుకుని, మాట్లాడకుండా కప్పు తన వైపు లాక్కుంది. భయం ఆ రోజుతో పోయింది.

జనవరిలో పెటాతాన్ వెళ్ళాం. సరస్సు ఆగ్నేయ మూలన, మిచోఅకాన్ రాష్ట్రంలోకి వస్తుంది, చపాలా నుంచి చుట్టు తిరిగి కారులో పోవాలి. ఒకప్పుడు దీవి, ఇప్పుడు ఒడ్డుకి కలిసిపోయింది. ఊరంతా చేపలు శుభ్రం చేసే పనే. ఆడవాళ్ళు పొడవాటి బల్లల ముందు నిలబడి తిలాపియాని కత్తితో ఒక్క లాగుడుకి ముల్లు వేరు చేసి కండ తీస్తారు. తలలూ పేగులూ గంపల్లో పోగవుతాయి. సాయంత్రం వాటిని నీళ్ళలోకి విసురుతారు, దానికోసం వేల గూడబాతులు. తెల్లవి, మనిషి నడుము దాకా వచ్చేవి. చలికి తట్టుకోలేక కెనడా నుంచీ అమెరికా ఉత్తరం నుంచీ నవంబర్‌కి దిగి మార్చి దాకా ఉంటాయి. గంప పైకెత్తగానే నీళ్ళు కనపడనంత దగ్గరగా వచ్చి, రెక్కలు రెక్కలకి కొట్టుకుంటూ, నోటి కింద సంచీలు చాచి ఎగబడతాయి. ఆ గాలికి అమ్మ చెంగు ఎగిరిపోయింది.

మా ఆటపాకలో గూడబాతులు బూడిద రంగువి, గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఇవి అతిథులు, తినడానికి వస్తాయి, పోతాయి. అమ్మకి వాటి మీద పెద్ద ధ్యాస లేదు. పిట్టల్ని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంది. ఆవిడ కళ్ళు కత్తుల మీద. "కత్తిపీట లేకుండా ఎలా కోస్తున్నారో చూడరా, ముల్లుకి కండ అంటుకోకుండా" అంటూ బల్ల దాకా వెళ్ళిపోయింది. అక్కడున్న ఒకావిడ నవ్వి కత్తి చేతికిచ్చింది. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, తల వెనక నుంచి మొదలెట్టి కోసింది, సగం కండ ముల్లుకే ఉండిపోయింది. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని కత్తి ఎంత వాల్చాలో చూపించింది. రెండోది కాస్త నయం, మూడోది బాగా వచ్చింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, అరగంట నిలబడి మాట్లాడుకున్నారు. ఆవిడ స్పానిష్‌లో, ఈవిడ తెలుగులో. మధ్యలో నేను అనువదించబోతే అమ్మ "నువ్వుండరా" అని విసుక్కుంది. ఇంటికొచ్చాక వారం పాటు మా వంటింట్లో చేపలన్నీ ఆ పద్ధతిలోనే.

చపాలా, అహిహిక్ చూసి ఇంతే సరస్సు అనుకునేవాళ్ళకి మెస్కాలా దీవి గురించి చెబుతాను. స్పెయిన్ మీద స్వాతంత్ర్య పోరాటం జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసులు ఆ చిన్న దీవిలో చేరి 1812 నుంచి 1816 దాకా సైన్యాన్ని దగ్గరికి రానివ్వలేదు. చివరికి తిండి లేక, జబ్బులొచ్చి, తమ షరతుల మీదే లొంగారు. తర్వాత స్పెయిన్ వాళ్ళు అక్కడ జైలు కట్టారు, ఇప్పుడు రాతి గోడలు, ముళ్ళ చెట్లు. పడవతను దింపి రెండు గంటల్లో వస్తానంటాడు. తాగడానికి నీళ్ళు తీసుకెళ్ళాలి. చపాలా ఎదురుగా ఉండే ఇంకో దీవి, తేళ్ళ దీవి, విహారానికి వెళ్ళేవాళ్ళకి కాసేపు కాలక్షేపం, కానీ వీషారికా అనే ఆదివాసులకి అది తీర్థం, వాళ్ళ ఐదు పవిత్ర స్థలాల్లో ఒకటి, ఎంతో దూరం నుంచి కానుకలు పట్టుకుని వస్తారు. ఒకసారి మా పక్క బెంచీల మీద తిరుగు పడవ కోసం ఎదురుచూస్తున్న కుటుంబం వాళ్ళదే. పూసల టోపీలు పెట్టుకున్న పిల్లలు, చుట్టూ బీరు గ్లాసుల గోల.

మిచోఅకాన్‌లోనే ఉన్న పాట్స్‌క్వారో సరస్సు గురించి రాస్తే ఇది ఆగదు. నాలుగు గంటల ప్రయాణం, ఎత్తు ఎక్కువ, చలి. అందులో హనిత్సియో దీవి మీద స్వాతంత్ర్య పోరాట నాయకుడు మొరేలోస్ విగ్రహం పిడికిలెత్తి నిలబడి ఉంటుంది, 40 మీటర్లు, లోపల్నుంచి మెట్లెక్కి పైకి పోవచ్చు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి వలలతో చేపలు పట్టే మనుషులు ఇప్పుడు పడవలో వెళ్ళే మనకోసం ఆ వలలు ఎత్తి చూపించి చిల్లర తీసుకుంటారు. ఆ వలల్లో పడాల్సిన తెల్లచేప దాదాపు లేకుండా పోయింది. నాకది చూడ్డం కష్టంగా ఉండేది, మా ఆవిడ మాత్రం "వాళ్ళ కడుపు నిండుతోంది కదా, మీకేంటి బాధ" అనేది. మేం వచ్చేశాక 2024 వేసవిలో ఆ సరస్సు పడవలు తిరగలేనంతగా ఎండిందనీ, తోటలకి ట్యాంకర్లతో నీళ్ళు దొంగతనంగా తోడేస్తున్నారని కాపలా పెట్టారనీ చదివాను. అదే జూన్‌లో చపాలా కూడా 40 శాతం లోపుకి దిగింది. తర్వాత వానలు గట్టిగా పడి బాగా కోలుకుంది. ఆ నెలల్లో రోజుకి రెండుసార్లు అంకె చూశాను. ఆవిడ ఏమీ అనలేదు.

మొన్న మా బంధువుల కుర్రాడు ఒకడు గ్వాదలహారాకి వెళ్తూ "అక్కడ ఏం చూడాలి మావయ్యా" అని అడిగాడు. ఆదివారం చపాలాకి కారు తియ్యకు, పార్కింగ్ దొరకదు, బస్సెక్కు అని చెప్పాను. బుధవారం లీవు దొరికితే అహిహిక్ సంతకి పొమ్మన్నాను. పెటాతాన్‌కి జనవరిలోనే, మార్చి దాటితే మళ్ళీ చలికాలం దాకా ఆగాలి, చెప్పులు పాతవి వేసుకో, వాసన వదలదు. మే నెలలో కొండల మీద ఒక పురుగు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, అహిహిక్‌లో తెల్లవాళ్ళు దాన్ని వానపిట్ట అంటారు, అది మొదలెట్టిందంటే వానకి ఇంకెన్నో వారాలు లేదని లెక్క. చరాలెస్ కొన్నప్పుడు ఇంకో నిమ్మకాయ అడుగు, మొహమాటపడకు, ఇస్తారు.